పాత పాటని కొత్త సినిమాలో వాడితే ఏది మేలు? రీమిక్సా, ఉన్నది ఉన్నట్టా?

సంక్రాంతికి మా పాలకొల్లు పక్క ఊళ్ళో కోడిపందేల బరి దగ్గర మైకులో బంగారు కోడిపెట్ట వేశారు, మగధీరలోది. రెండు పందేల మధ్య ఓ పెద్దాయన మైకు సెట్టు కుర్రాడి దగ్గరికి వెళ్ళి "ఇది కాదబ్బాయ్, ఘరానా మొగుడులోది వెయ్యి" అన్నారు. ఆ కుర్రాడు "రెండూ ఒకటే కదండీ" అన్నాడు. ఒకటి కావు. అది చెబుదామనే ఇది రాస్తున్నా.

ముందు రీమిక్స్ సంగతి. మనవాళ్ళకి ఇదంటే మహా ఇష్టం. గ్యాంగ్ లీడర్ (1991)లోని వాన వాన వెల్లువాయె రచ్చలోకి వచ్చింది, కొండవీటి దొంగ (1990)లోని శుభలేఖ రాసుకున్నా నాయక్‌లోకి వచ్చింది, ఖైదీ నంబర్ 786లోని గువ్వా గోరింకతో సుబ్రమణ్యం ఫర్ సేల్‌లోకి, యముడికి మొగుడులోని అందం హిందోళం సుప్రీంలోకి. థియేటర్లో పల్లవి మొదలవగానే ఈలలు పడతాయి, నిజమే, నేనూ వేశాను. కానీ ఆ ఈల పాత పాటకి పడిందే. పల్లవి అయ్యాక వచ్చే వాయిద్యాల బిట్టు కోసం చెవి ఎదురుచూస్తుంది చూడండి, అక్కడే నాకు ప్రతిసారీ వెలితి అనిపిస్తుంది. శుభలేఖ రాసుకున్నాలో ఇళయరాజా గారు చరణానికి చరణానికి మధ్య నడిపించిన తీరు వింటూ పెరిగినవాడికి దాని బదులు డ్రమ్ములు ఎంత గట్టిగా మోగినా సరిపోవు.

ఇందులో తప్పంతా కొత్త సంగీత దర్శకులదని కూడా అనలేను. పాత రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ ఒకేసారి కూర్చుని ఒకే ట్రాకు మీద రికార్డు చేసేవారు, అందులోంచి గొంతు ఒక్కటే విడదీసి తీసుకోవడం మొన్నమొన్నటి వరకూ కుదిరే పని కాదు. కాబట్టి రీమిక్స్ అంటే మళ్ళీ ఎవరితోనో పాడించడమే అయింది.

నాకు నచ్చిన రీమిక్స్ ఒకటుంది, యమదొంగ (2007)లోని ఓలమ్మీ తిక్కరేగిందా. యమగోల (1977)లో తాత ఆడిన పాటని మనవడు జూనియర్ ఎన్టీఆర్ సొంత గొంతుతో పాడాడు, రెండూ యముడి కథలే, అంటే ఆ పాట అక్కడ ఉండటానికి ఓ కారణం ఉంది. బంగారు కోడిపెట్టకైనా అంతే, రెండుసార్లూ కీరవాణి గారే కాబట్టి తన పాటని తనే మార్చుకున్నారు, ఆ హక్కు ఆయనకుంది.

ఇక ఉన్న పాటని ఉన్న గొంతులతోనే వాడటం. దీనికి మనవైపు వాళ్ళకి ఎల్లువొచ్చి గోదారమ్మ కంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది? దేవత (1982), చక్రవర్తి గారి సంగీతం, వేటూరి గారి మాట, ఇసకలో వరసలు కట్టిన బిందెలు. వెల్లువని ఎల్లువ అనడం మా లంకల్లో ఇప్పటికీ వినిపిస్తుంది, శ్రావణంలో ఎర్రనీళ్ళు గట్టు దాకా వచ్చినప్పుడు మా అత్తయ్య నోట వచ్చే మాట అదే. 2019లో గద్దలకొండ గణేష్‌లో ఆ పాట బాలు గారి, సుశీలమ్మ గారి గొంతులతోనే మళ్ళీ వచ్చింది. వేరే ఎవరైనా ఎంత బాగా పాడినా ఆ ఎల్లువ అంత ఒడుపుగా పలికేది కాదని నా నమ్మకం.

ఇంకా పెద్ద ఉదాహరణ మలయాళం మంజుమ్మెల్ బాయ్స్ (2024). తమిళ గుణ (1991)లోని పాటని ఆ గొంతులతోనే, కొడైకెనాల్ గుహలో స్నేహితుణ్ణి పైకి లాగే సీనులో వేశారు. ప్రేమపాట స్నేహం పాటైపోయింది, ఒక్క స్వరం మార్చకుండానే! కొత్తగా చేసింది పాటని కాదు, చోటుని. నా దృష్టిలో పాత పాటని వాడుకోవడమంటే ఇదే. అయితే దానికీ ఇళయరాజా గారు అనుమతి లేదని నోటీసు పంపారు. మన చట్టంలో రికార్డింగు మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్ళు, పాట కట్టినవాళ్ళ హక్కు వాళ్ళు పోయాక మరో 60 ఏళ్ళు ఉంటుంది. అడగాలి, డబ్బివ్వాలి, టైటిల్స్‌లో పేర్లు వెయ్యాలి. ఖర్చే, కానీ న్యాయం.

బ్యాక్‌గ్రౌండ్‌లో నవ్వుకోసం అరనిమిషం పాత ట్యూను వేస్తారే, దానితో నాకు పేచీ లేదు.

కంప్యూటర్‌తో పోయినవాళ్ళ గొంతు పుట్టించడం మాత్రం నాకు మింగుడు పడదు. కీడా కోలాలో బాలు గారి గొంతు అలా వాడారని ఆయన అబ్బాయి చరణ్ గారు నోటీసు ఇచ్చారు. లాల్ సలామ్ సినిమాలో రెహమాన్ గారు పోయిన వేరే గాయకుల గొంతుల్ని వాళ్ళ కుటుంబాలని అడిగి, డబ్బిచ్చి వాడారు, అది నయం. అయినా బాలు గారు పాడని పాటని ఆయన పాడినట్టు వినడానికి నా మనసొప్పదు. ఆయన నిజంగా పాడినవే వేలున్నాయి కదా.

రీమిక్స్ విన్న పిల్లలు పాతదాని కోసం వెతకడం మా ఇంట్లో నేను చూడలేదు. గద్దలకొండ గణేష్ చూసొచ్చిన రోజు మాత్రం మా మేనకోడలు "ఆ గొంతులెవరివి మావయ్యా?" అని అడిగింది. చెప్పాను. ఆ రాత్రే వాళ్ళ అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్లో దేవత మొత్తం చూసేసింది.