పెయింట్ బకెట్టా, గ్రో బ్యాగా, మట్టి కుండీయా? ఎండాకాలం మిద్దె తోటకు ఏది మేలు

కోవిడ్ లాక్‌డౌన్లు రెండూ హైదరాబాద్‌కు ఎండల్లోనే వచ్చిపడ్డాయి. 2020లో మార్చి ఆఖర్లో మొదలై మే అంతా సాగింది. 2021లో మే 12 నుంచి జూన్ 19 దాకా. ఆ రెండోసారి మొదట్లో ఉదయం 6 నుంచి 10 వరకే బయటికి వెళ్లే వీలు, ఆ కాసేపూ పాలకూ మందులకే సరిపోయేది. అలా ఇంట్లో ఉన్న డబ్బాతో, అపార్ట్‌మెంట్ మూలన దొరికిన మట్టితో, 40 డిగ్రీల ఎండలో మిద్దె తోట మొదలుపెట్టినవాళ్లు ఎందరో. ఇల్లు కదలకుండా తోట పెట్టాలంటే ఇప్పటికీ లెక్క అదే: ఏ డబ్బా అందంగా ఉందని కాదు, ఏది వేరును చల్లగా ఉంచుతుందని చూడాలి. రెండోది బరువు. మిగతావన్నీ ఆ తర్వాతే.

మే నెల మధ్యాహ్నం స్లాబు మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. ఆ వేడి అడుగు నుంచి, పడమటి ఎండ డబ్బా గోడ నుంచి మట్టిలోకి ఎక్కుతాయి. మట్టి మరీ వేడెక్కితే వేరు నీళ్లు పీల్చలేదు. ఆకు వాలిపోతుంది. నీళ్లు చాలలేదేమోనని మనం ఇంకో చెంబు పోస్తాం, రోజూ అలాగే పోస్తే వేరు కుళ్లడం మొదలవుతుంది. మధ్యాహ్నం వాలిన మొక్క సాయంత్రం తనంతట తానే లేస్తే దాహం కాదు, వేడి. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దించి, పొడిగా ఉంటేనే నీళ్లు పోయాలి.

ముందుగా 20 లీటర్ల పెయింట్ బకెట్. కూరగాయలకు మా ఓటు దీనికే. చాలావరకు తెల్లగా ఉంటుంది కాబట్టి ఎండను వెనక్కి కొడుతుంది, లోతు అడుగు పైనే, పట్టుకోవడానికి పిడి ఉంది. అయితే నీళ్లతో కలిపే ఎమల్షన్ వచ్చిన బకెట్టే తీసుకోవాలి. ఎనామెల్, ప్రైమర్, థిన్నర్, ఫినాయిల్ పట్టిన డబ్బాలు ఎంత కడిగినా వద్దు. అడుగున త్రికోణంలో 2 గానీ 5 గానీ అంకె ఉంటే మంచిదే. రాత్రంతా నీళ్లు నింపి ఉంచితే గోడకు అంటిన ఎమల్షన్ పొర మెత్తబడి, గోరుతో లాగితే ఊడి వస్తుంది. ఆ ముక్కల్ని సింకులో పారబోయకండి, పైపు పట్టేస్తుంది.

రంధ్రాల దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. అడుగున మాత్రమే నాలుగు చిల్లులు పెట్టి స్లాబు మీద పెడితే అవి నేలకు అతుక్కుని మూసుకుపోతాయి. అడుగున 8 నుంచి 10 మిల్లీమీటర్లవి ఐదారు, పక్క గోడకు అడుగు నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తులో మరో నాలుగు పెట్టాలి. డ్రిల్లు ఉంటే మెల్లగా తిప్పండి, లోపల చెక్కముక్క ఆనించకపోతే అడుగు పగులుతుంది. లేకుంటే పాత స్క్రూడ్రైవర్ కాల్చి గుచ్చవచ్చు, కానీ ఆ పొగ పీల్చకూడదు, ఆరుబయటే చేయాలి. చిల్లుల మీద కొబ్బరి పీచు పలచగా పరిస్తే మట్టి జారదు. గులకరాళ్ల పొర వేయమని ప్రతివాళ్లూ చెబుతారు గానీ దానివల్ల నీళ్లు తొందరగా దిగవు. సన్నమట్టిలోని నీరు ముతక రాళ్లలోకి వెంటనే జారదు. పైమట్టి పూర్తిగా నానిన తర్వాతే దిగుతుంది. పైగా వేరుకు రెండు అంగుళాల లోతు తగ్గిపోతుంది. చివరగా బకెట్‌ను రెండు ఇటుకల మీద పెట్టండి. అడుగున గాలి ఆడుతుంది, స్లాబు చెమ్మ పట్టదు.

బకెట్ ముదురు రంగుదైతే సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపి రెండు పూతలు పూయాలి. మిగిలిపోయిన తెల్ల ఎమల్షన్ ఉంటే అదైనా సరే. ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్లలు బొమ్మలు వేస్తామంటే ఆపనక్కర్లేదు. ముదురు రంగులు తూర్పు వైపుకు, పడమటి ముఖం మాత్రం తెల్లగానే ఉండాలి. దీనికున్న లోపం ఒకటే: గోడకు గాలి ఆడదు. నీళ్లు ఎక్కువైతే బయటపడే దారి ఆ చిల్లులే.

గ్రో బ్యాగుల్లో రెండు జాతులున్నాయి, వాటిని ఒకే గాటన కట్టకూడదు. ఎండలోని యూవీ కిరణాలు తట్టుకునే మందపాటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ సంచి, బయట తెలుపు, లోపల నలుపు, 220 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) పైన ఉంటే ఎండకు కొన్నేళ్లు ఓర్చుకుంటుంది. పలచటి పాలిథిన్ కవర్ లాంటిది ఒక ఎండాకాలానికే పొట్టు రేగిపోతుంది. 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు సంచిలో దాదాపు 22 లీటర్లు పడతాయి, అంటే బకెట్‌తో సమానం. ఇంట్లో బకెట్ ఉండగా ఇది కొనడం దండగ. బ్యాగు నిజంగా ఉపయోగపడేది పెద్ద సైజులో: 15 అంగుళాలదైతే 40 లీటర్లు దాటుతుంది, బీర, సొర, కాకర లాంటి తీగలకు అంత కావాలి. నింపిన పది రోజులకు మట్టి బాగా అణుగుతుంది, అందుకని అంచు దాకా నింపి పైన ఒక మడత వేయండి. ఒకసారి నిండాక జరపకూడదు. లాగితే కుట్టు దగ్గర చిరుగుతుంది, వేళ్లు తెగుతాయి. బట్టలాంటి ఫ్యాబ్రిక్ సంచుల్లో వేరుకు గాలి బాగా ఆడుతుంది, నిజమే. కానీ హైదరాబాద్ ఏప్రిల్‌లో రోజుకు రెండుసార్లు తడపాలి. వానాకాలంలో అవి బంగారం, ఎండాకాలంలో చాకిరీ.

మట్టి కుండీ గోడ నుంచి చెమ్మ ఆవిరవుతుంది కాబట్టి లోపలి మట్టి చల్లగా ఉంటుంది. వేరు సుఖం ఒక్కటే చూస్తే దీనికే మొదటి స్థానం. కానీ ఖాళీ కుండీకే బరువు ఎక్కువ, పగిలితే పనికిరాదు, ఆవిరైన నీటిని మళ్లీ మనమే పోయాలి. బోరు నీళ్లు పోసే ఇళ్లలో గోడ మీద తెల్లని ఉప్పు పొర పేరుకుంటుంది. బ్రష్షుతో రుద్ది, నెలకోసారి చిల్లుల్లోంచి ధారగా కారేలా నిండా నీళ్లు పోస్తే కొంత కొట్టుకుపోతుంది. కొత్త కుండీని రాత్రంతా నానబెట్టాకే మట్టి వేయాలి, లేకపోతే మొదటి రోజు తడంతా అదే తాగేస్తుంది. ఎర్ర పెయింట్ వేసిన కుండీకి ఈ గుణమే ఉండదు, రంధ్రాలు మూసుకుపోతాయి. తులసి, కరివేపాకు, మల్లె లాంటి ఏళ్లతరబడి ఒకేచోట ఉండేవాటికి కుండీలు ఉంచుకోండి.

చేపలకూ పండ్లకూ వచ్చే థర్మోకోల్ పెట్టె చూడ్డానికి చెత్తలా ఉంటుంది గానీ, ఎండను ఆపడంలో దాన్ని మించింది లేదు. లోతు ఎనిమిది అంగుళాలుంటే పాలకూర, తోటకూర, చుక్కకూర చక్కగా వస్తాయి. మట్టి బరువుకు మధ్యలో ఉబ్బుతుంది, చుట్టూ వెడల్పాటి టేపు గానీ తాడు గానీ బిగించాలి. ఎండకు పైపొర పూసల్లా రాలుతుంది, అది మురుగు కాలువలోకి పోతే పాపం మనదే. బయట సున్నం పూత వేస్తే కొన్నాళ్లు ఆగుతుంది. 25 కిలోల బియ్యం సంచీ పనికొస్తుంది, ఒక్క పంటకు. ఎండకు దారాలు పొడిపొడి అవుతాయి, తర్వాత ఎత్తబోతే చేతికి సంచీ వస్తుంది, మట్టి కింద ఉంటుంది. నూనె డబ్బా రేకు కాలుతుంది, వద్దు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు వేలాడదీసి పెంచే తోటలు ఫొటోలకు బాగుంటాయి. అందులోని గుప్పెడు మట్టి మే నెలలో మధ్యాహ్నానికే ఎండుతుంది. నీడ బాల్కనీలో పుదీనా, మనీ ప్లాంట్ వరకు సరే. ఆ సీసా మూతకు సూదితో చిల్లు పెట్టి, నీళ్లు నింపి బకెట్ మట్టిలో తలకిందులుగా గుచ్చితే మేలు.

ఇక బరువు. జనం తిరిగే డాబాకు మన భవన నిర్మాణ ప్రమాణాలు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు భారం లెక్కన చూస్తాయి. చదరపు మీటరులో బకెట్లు ఒరుసుకునేలా పేరిస్తే తొమ్మిది పడతాయి. ఎర్రమట్టి ఒక్కటే నింపి తడిపితే ఒక్కోటి 30 కిలోల దాకా తూగుతుంది, మొత్తం 270. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపితే 20 కిలోల దగ్గర ఉంటుంది, అయినా తొమ్మిదికి 180. అందుకే ఆరేడుకు మించొద్దు, అవీ దూలాల మీదుగా, పిట్టగోడ వెంబడి. పాత ఇళ్లయితే ఇంజనీరును అడిగాకే. బకెట్‌కు గుప్పెడు వేపపిండి కూడా కలపండి. 5 కిలోల కోకోపీట్ దిమ్మె నానితే 60 లీటర్లు పైనే అవుతుంది. రెండు మూడుసార్లు కడిగి పిండాలి, అందులో ఉప్పు ఉంటుంది. కడగకుండా వాడితే ఆకుల అంచులు మాడతాయి.

ఏప్రిల్, మే నెలల్లో టమాటాతో మొదలుపెట్టడం ఎండతో పందెమే. చెట్టు ఏపుగా ఉంటుంది, పూత రాలుతుంది. పగలు 38, రాత్రి 26 డిగ్రీలుంటే కాయ నిలవదు. ఎండకు ఓర్చేవి బెండ, గోరుచిక్కుడు, పుంటికూర, బచ్చలి. బెండలో అర్క అనామిక బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ రూపొందించిన రకం, ఈనెలు పసుపు పచ్చగా మారే వైరస్‌ను తట్టుకునేందుకే తెచ్చింది. బకెట్‌కు ఒక్క మొక్క చాలు. బచ్చలికి విత్తనమూ అక్కర్లేదు, కూరకు తెచ్చిన కట్టలో ముదురు కాడ గుచ్చితే పట్టుకుంటుంది. పైన 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టండి, పావురాలు లేత ఆకు పొడవకుండానూ అదే కాపు.

మిద్దె లేక, కోవిడ్ క్వారంటైన్ రోజుల్లోలా 14 రోజులు ఒక్క గదిలోనే ఉండాల్సి వస్తే ఈ పోటీ అంతా పక్కన పెట్టి స్వీట్ డబ్బా తీసుకోండి. అడుగున చిన్న చిల్లులు పెట్టి, రెండు అంగుళాల తడి కోకోపీట్ పరిచి, రాత్రంతా నానిన రెండు చెంచాల మెంతులు ఒకదాని మీద ఒకటి పడకుండా చల్లి, పైన పలచగా కప్పండి. వెలుతురు వచ్చే కిటికీలో మూడు నాలుగు రోజులకు మొలుస్తాయి. నీళ్లు చేత్తో చిలకరించాలి, మగ్గుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి. పన్నెండో రోజుకు కత్తెరతో కోసి పప్పులో వేసుకోవచ్చు. కొత్తిమీర ఆ గడువులో అందదు. ధనియాలను రెండు బద్దలుగా నలిపి నానబెట్టి వేసినా మొలవడానికే 8 నుంచి 12 రోజులు పడుతుంది.