గీత పోయింది, దానితోపాటు టీవీ యూనిట్ కూడా: మారతహళ్లి వైపు వాళ్లు జాగ్రత్త

మన బెంగళూరు తెలుగు గ్రూపుల్లో ప్రతి శనివారం "ఫర్నిచర్ గీతలు మాయం, ఇంటికే వచ్చి చేస్తాం" అని ఫొటోలు పెట్టే అన్న ఉన్నాడు కదా, పేరు చెప్పనక్కర్లేదు. అతన్ని పిలవకండి. నిన్న సాయంత్రం నా పని అయింది, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

సంగతి చిన్నదే. ఆన్‌లైన్‌లో ఆరువేల చిల్లరకు కొన్న టీవీ యూనిట్. చవితికి దాని మీదే వినాయకుణ్ణి పెట్టాం, నిమజ్జనం రోజు పీట పక్కకి లాగితే జానెడు గీత పడింది. దసరాకి అత్తామామలు వస్తున్నారు కదా అని ఇతనికి ఫోన్ చేశా. 1,200 అన్నాడు, 1,000 ముందే కొట్టించుకున్నాడు. "మాది మదనపల్లే అన్నా" అన్నాడు. మాది పీలేరు. ఇంకేముంది, కాఫీ కూడా ఇచ్చాం.

కాఫీ తాగి సంచిలోంచి సాండ్ పేపర్ తీశాడు. "ఇది చెక్క కాదేమో అన్నా, పైన కాగితంలా ఉంది" అని మా ఆవిడ అంది. "పదిహేనేళ్లుగా ఇదే పని మేడమ్" అన్నాడు. పైగా నేనే ఆమెను కసిరాను, ఆయన్ని పని చేసుకోనివ్వమని. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి. నాలుగంటే నాలుగు రుద్దులు. గోధుమరంగు పొడి రాలింది. టేకు చారలు, మధ్యలో ముద్దుగా ఉండే ఆ కణుపుతో సహా, పలక మీద బలపం గీతల్లా చెరిగిపోయాయి. అడుగున రంపపు పొట్టు కనబడింది. టేకు లేదు, దాని బొమ్మ అచ్చేసిన కాగితం ఉందంతే. పొట్టును జిగురుతో నొక్కిన పార్టికల్ బోర్డు, పైన మెలమైన్ అనే గట్టిపడే జిగురు పట్టించిన పల్చటి కాగితప్పొర, రంగంతా ఆ పొరలోనే. చెక్కయితే ఎంత రుద్దినా కింద చెక్కే ఉంటుంది. ఈ జ్ఞానమంతా రాత్రి రెండింటిదాకా ఫోన్‌లో చదివి సంపాదించాను. ఫీజు వెయ్యి రూపాయలు.

పోనీ, పొరపాటైందని ఒక్క మాట అన్నాడా? తడిగుడ్డ దాని మీదే పడేసి బాల్కనీలోకి ఫోన్ మాట్లాడటానికి వెళ్లాడు. వచ్చేసరికి పొట్టు నీళ్లు పీల్చి పొక్కులా ఉబ్బింది, ఇక అది అణగదు. దానిమీద బ్రౌన్ పాలిష్ పూశాడు. ఊడినచోట నల్లగా ఇంకింది, చుట్టూ అసలు ఇంకనే లేదు, వేలితో తుడిస్తే వచ్చేసింది. జానెడు గీత కాస్తా కంచమంత మచ్చయింది.

డబ్బులు వెనక్కివ్వమన్నా. అప్పటిదాకా అన్నా అన్నా అన్నవాడు గబుక్కున కన్నడలోకి మారాడు. లిఫ్ట్ దగ్గర నిలబడి, పక్క ఫ్లాట్ల వాళ్లు తలుపులు తీసి చూస్తుంటే, "డూప్లికేట్ సామాను అని మీరు ముందే చెప్పాలి కదా, ఆరువేల దానికి ఇంత గొడవా?" అని నన్నే దబాయించాడు. మదనపల్లె అట్నుంచటే లిఫ్ట్ దిగిపోయింది. గ్రూపులో పెడితే అడ్మిన్ గారు "వ్యక్తిగత గొడవలు వద్దు" అని నా పోస్టు తీసేశారు. అతని ఫొటోలు మాత్రం భద్రంగా ఉన్నాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశా, చూద్దాం.

ఇలాంటి చవక సామాను మీద గీత పడితే సాండ్ పేపర్, థిన్నర్ దగ్గరికి రానివ్వకండి. హార్డ్‌వేర్ షాపులో ఆ రంగు మైనం పుల్ల దొరుకుతుంది, గీతలోకి గట్టిగా నొక్కి, ఎక్కువైంది పాత ఏటీఎం కార్డు అంచుతో తీసేసి, పొడిగుడ్డతో తుడవడమే. కింది అరలో ఇంకో గీతకి ఈ పొద్దున మా పాప క్రేయాన్లు రెండు కలిపి పూశా. వంగి చూస్తే తప్ప తెలియట్లేదు. ఈ పని నిన్నే చేసుంటే!

మచ్చ మీద మా ఆవిడ గుడ్డ పరిచి ఫ్లవర్ వాజ్ పెట్టింది, ఒక్క మాటా అనకుండా. ఇది టైప్ చేస్తుంటే అతని మెసేజ్ వచ్చింది: "అన్నా, బ్యాలెన్స్ 200 పంపండి."