విత్తనాల దుకాణంలో సందేశాల సాఫ్ట్‌వేర్: ఏడాది వాడకం తర్వాత

పర్కాల, నర్సంపేట వైపు రైతులు వరంగల్‌లోని మా విత్తనాలు, ఎరువుల దుకాణానికి పంపే వాయిస్ మెసేజీలను రాతగా మార్చి, ఆర్డర్లుగా విడదీసి, బదులు కూడా ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని నిరుడు వానకాలం నుంచి వాడుతున్నాను. నేరుగా చెప్పిన మాట విషయంలో దానికి వంక పెట్టలేను. "గీ యాసంగికి మక్క విత్తనం గావాలె" అంటే తడబడకుండా రాసుకుంటుంది.

చిక్కంతా చెప్పకుండా చెప్పే మాటతోనే. "యూరియా లారీ వచ్చిందట గదా సేటూ" అని ఒక రైతు అడిగితే "అవును, వచ్చింది" అని బదులిచ్చి ఊరుకుంది. తనకు కొన్ని బస్తాలు పక్కన పెట్టమని ఆయన అడుగుతున్నట్టు మా హమాలీకైనా తెలిసేది. "మస్తు పనిచేసింది మీ మందు, ఒక్కసారి వచ్చి చేను చూసిపోండ్రి" అన్న ఫిర్యాదు మెప్పుల జాబితాలో చేరింది. ఇది ముందు గొంతును రాతగా మార్చి, ఆ తర్వాతే అర్థం వెదుకుతుంది కనుక, "మస్తు"ను సాగదీసిన తీరూ ఆ వెంటనే వినిపించిన పొడి నవ్వూ మొదటి మెట్టులోనే రాలిపోయాయి. మిగిలిన అక్షరాలలో మెప్పు తప్ప మరేమీ లేదు.

సూర్యుడు అస్తమించాడన్న ఒక్క వాక్యమే వినేవారిని బట్టి ఎన్ని అర్థాలిస్తుందో 11వ శతాబ్దంలోనే సంస్కృత అలంకారశాస్త్రవేత్త మమ్మటుడు వివరించాడు. మా దగ్గర "పొద్దు గూకింది సేటూ" అంటే సరుకు తొందరగా బండికెక్కించమని. పాత సందేశాలను కూడా కలిపి చూసే ఏర్పాటు ఒక అప్‌డేట్‌లో వచ్చాక ఇలాంటివి కొంత మెరుగుపడ్డాయి.

మెరుగుపడ్డాకే అసలు ఇబ్బంది మొదలైంది. "పత్తి ఏరినంక కలుస్త" అన్నదాన్ని మొదట్లో అపాయింట్‌మెంటుగా రాసుకునేది. ఇప్పుడు సరిగ్గానే గ్రహించి, "మీ బాకీ పత్తి అమ్మిన తర్వాత చెల్లిస్తారని నమోదు చేసుకున్నాం" అని రైతుకే పంపింది. ఆ ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. అప్పు మాట పైకి రాకూడదనే ఆయన అలా అన్నాడు. వినేవాడు అంతరార్థాన్ని ఎలా రాబడతాడో భాషా తత్వవేత్త పాల్ గ్రైస్ 1975లో అచ్చైన వ్యాసంలో చూపాడు గానీ, రాబట్టినదాన్ని ఎప్పుడు కడుపులో పెట్టుకోవాలన్నది వేరే నేర్పు, అది దీనికి అబ్బలేదు.

ప్రస్తుతం ఉద్దెర ఖాతాలున్నవారి నంబర్లకు ఆటోమేటిక్ బదులు ఆపేసి, ఆ సందేశాలు నా ఫోన్‌కే వచ్చేలా పెట్టుకున్నాను. రొక్కం బేరాలు ఎక్కువగా నడిచే దుకాణాలకైతే ఐదింట నాలుగు నక్షత్రాలిస్తాను. మా లాంటి వాటికి రెండే.