గూటికి కెమెరానా, చుట్టూ నేలా: చందా దేనికి?

కాలిఫోర్నియాలోని బిగ్ బేర్ సరస్సు దగ్గర జాకీ, షాడో అనే బాల్డ్ ఈగిల్ (తెల్లతల గద్ద) జంట గూడును లోకమంతా లైవ్‌లో చూస్తోంది. అలాంటి గూటికి ఊరంతా చందాలు పోగుచేయాలంటే దారులు రెండు: గూటి దగ్గర కెమెరా పెట్టడానికి, లేదా చుట్టూ నేల కొనడానికి.

కెమెరా నిధి త్వరగా నిండుతుంది. గుడ్డు పెంకు చిట్లి బుల్లి ముక్కు కొస కనిపించిన రోజున డబ్బు అడక్కుండానే వస్తుంది. చిక్కంతా మరమ్మతుతోనే. జనవరిలో గుడ్లు పెట్టాక తీగ తెగినా సరే చెట్టెక్కకూడదు. తల్లి బెదిరి లేస్తే గుడ్లు చల్లబడతాయి, బొంతకాకులు పొడిచేస్తాయి. విడి బ్యాటరీ ఖర్చు ముందే కలుపుకోవాలి, పిల్లలు ఎగిరిపోయాకే బిగింపు పని పెట్టుకోవాలి.

నేల కొనే నిధి నెమ్మది, అయినా మా ఓటు దానికే. కెమెరా చూపించగలదు గానీ ఇళ్లు లేవకుండా ఆపలేదు. గూటికి కనిపించే కొత్త కట్టడం 660 అడుగుల అవతల ఉండాలని 2007 నాటి అమెరికా ఫెడరల్ మార్గదర్శకాల సూచన. ఆ వలయం సుమారు 31 ఎకరాలు. ధరకు తోడు సర్వే, రిజిస్ట్రేషన్, ఏటా కాపలా ఖర్చు ఉంటాయి. లక్ష్యం అందకపోతే సొమ్ము వాపసిస్తారా, మరో గూటికి మళ్లిస్తారా అన్నది మొదటి రసీదులోనే రాయాలి. గొడవలన్నీ అక్కడే పుడతాయి.

ఏ నిధికైనా రాలిన ఈకను వేలం వేయొద్దు, ఈ గద్దల రక్షణకు అమెరికా తెచ్చిన 1940 చట్టం ప్రకారం అది నేరం.