డ్రగ్స్, మద్యం చికిత్స కాంట్రాక్టు: మళ్లీ టెండర్ మేలా, ఉన్నవాళ్లనే ఉంచడం మేలా?

ఇంగ్లండ్‌లో హెరాయిన్ మానాలనుకున్నవాళ్లు, తాగుడు మానాలనుకున్నవాళ్లు వెళ్లే క్లినిక్ బోర్డు మీద చాలా ఊళ్లలో ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ పేరు కనిపించదు. టర్నింగ్ పాయింట్, చేంజ్ గ్రో లివ్ లాంటి చారిటీల పేర్లుంటాయి. వాళ్లకు డబ్బు కట్టేది స్థానిక కౌన్సిల్. 2013 ఏప్రిల్‌లో ఈ బాధ్యత ఎన్‌హెచ్‌ఎస్ నుంచి కౌన్సిళ్ల చేతికొచ్చింది. ప్రభుత్వమిచ్చే పబ్లిక్ హెల్త్ గ్రాంటే దీనికి ప్రధాన ఆధారం. రోడ్ల గుంతలు, లైబ్రరీలు చూసే ఆఫీసే ఇదీ చూసుకోవాలి.

కాంట్రాక్టు గడువు దగ్గరపడిన ప్రతిసారీ అదే తర్జనభర్జన. మళ్లీ టెండర్ పిలవాలా, ఉన్న సంస్థనే కొనసాగించాలా, లేక ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టుకు (ప్రభుత్వ వైద్య సేవలు నడిపే సంస్థకు) అప్పగించాలా?

ముందు టెండర్ సంగతి. ఇది మన దగ్గరి ఎల్-1 పద్ధతి కాదు, తక్కువ రేటు కోట్ చేసినంత మాత్రాన పని దక్కదు. నాణ్యతకు కొన్ని మార్కులు, ధరకు కొన్ని. ఆ లెక్క ఒక్కో కౌన్సిల్‌లో ఒక్కోలా ఉంటుంది. టెండర్ వల్ల మేలు జరగలేదని అనలేం. తాగుడుకు ఒక ఆఫీసు, డ్రగ్స్‌కు ఇంకో ఆఫీసు అని తిప్పించే బదులు చాలాచోట్ల అన్నీ ఒకే గుమ్మంలోకి వచ్చింది వీటి వల్లే. పని చేయని సంస్థను సాగనంపడానికి కూడా ఇంతకంటే మర్యాదైన దారి లేదు. కానీ మార్కులు పడేది కాగితం మీద రాసినదానికి. బిడ్లు రాయడానికే జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకోగల పెద్ద చారిటీలు గెలుస్తాయి. ఊళ్లో వీధి వీధీ తెలిసిన చిన్న సంస్థ సబ్‌కాంట్రాక్టరుగా మిగులుతుంది, లేదా మూతపడుతుంది. పెద్దవాళ్లకైనా గ్యారంటీ లేదు. మాంచెస్టర్‌లో 1971లో పుట్టిన లైఫ్‌లైన్ అనే చారిటీ కాంట్రాక్టు మీద కాంట్రాక్టు గెలుస్తూ పెరిగి పెరిగి 2017లో కుప్పకూలింది. దాని సేవల్లో చాలావాటిని చేంజ్ గ్రో లివ్ హడావుడిగా నెత్తినేసుకోవాల్సి వచ్చింది.

అసలు నష్టం చేతులు మారే రోజు బయటపడుతుంది. చాలా కాంట్రాక్టులు మార్చి 31 అర్ధరాత్రితో ముగుస్తాయి. మెథడోన్ (హెరాయిన్ బదులు ఇచ్చే మందు) మీదున్న మనిషికి ప్రిస్క్రిప్షన్ నీలం రంగు ఫారం మీద వస్తుంది, గరిష్ఠంగా 14 రోజులకే. చికిత్సలో కొత్తగా చేరినవాళ్లయితే సాధారణంగా రోజూ ఫార్మసీకి వెళ్లి ఫార్మసిస్టు చూస్తుండగా తాగాలి. సంస్థ మారితే రాసే డాక్టరూ మారతారు. వందలమంది ఫారాలు కొత్తగా రాసి, ఎవరిది ఏ ఫార్మసీయో చూసుకుని వేళకు చేర్చాలి. 2024లో మార్చి 31 ఈస్టర్ ఆదివారం. అంతకుముందు శుక్రవారం సెలవు, మర్నాడు సోమవారమూ సెలవే. అలాంటి వారాంతంలో కాంట్రాక్టు చేతులు మారితే కాగితాలన్నీ గురువారం సాయంత్రానికే సర్దేసి ఉండాలి. వరుసగా మూడు రోజులు డోసు తప్పితే ఫార్మసిస్టు పాత మోతాదు ఇచ్చేయకూడదు, రాసినవాళ్లను మళ్లీ అడగాలి. ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి అదే డోసు ప్రాణం మీదికి తేవచ్చు. కౌంటర్ దగ్గర "మీది ఇంకా రాలేదండీ" అని విన్న మనిషి ఇంటికెళ్లి ఊరికే కూర్చోడు. డీలర్‌కు ఫోన్ చేస్తాడు.

సిబ్బంది గోల ఇంకోటి. చట్టప్రకారం వాళ్లు కొత్త సంస్థకు బదిలీ అవుతారు, ఉద్యోగం పోదు. కానీ టెండర్ మాట వినిపించినప్పటి నుంచే టెన్షన్ మొదలవుతుంది, అనుభవమున్నవాళ్లు వేరే చోట చూసుకుంటారు. ప్రభుత్వం కోరగా వైద్యురాలు డేమ్ కేరల్ బ్లాక్ డ్రగ్స్ సమస్యపై చేసిన సమీక్ష 2020, 2021లో రెండు భాగాలుగా వచ్చింది. ఒక్కో వర్కర్ కింద 50 నుంచి 80 మంది, కొన్నిచోట్ల 100 మంది దాకా ఉన్నారని, మంచి పద్ధతి ప్రకారం 40కి మించకూడదని అందులో రాశారు. నిధుల కోతతో పాటు తక్కువ గడువు కాంట్రాక్టులనూ ఆమె గట్టిగానే తప్పుపట్టారు.

ఇక ఉన్నవాళ్లనే కొనసాగించడం. 2024 జనవరి 1 నుంచి ప్రొవైడర్ సెలెక్షన్ రెజీమ్ అనే కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఇప్పుడున్న సంస్థ పని తృప్తికరంగా ఉండి, కాంట్రాక్టు పెద్దగా మారకపోతే పోటీ లేకుండానే మళ్లీ ఇవ్వొచ్చు. ముందుగా నోటీసు ప్రకటించి, అభ్యంతరాలకు 8 పని దినాలు ఆగితే చాలు. రోగికి తన కీవర్కర్ (తన కేసు చూసే మనిషి) మిగులుతాడు, అదే ఫార్మసీ, అదే తలుపు. చిక్కల్లా "తృప్తికరం" అని తేల్చేదెవరన్నదే. కోతల్లో కౌన్సిల్‌లో ఈ కాంట్రాక్టులు చూసే కమిషనింగ్ టీమ్ ఇద్దరు ముగ్గురికి కుదించుకుపోయి ఉంటే, సంస్థ పంపే రిపోర్టునే నమ్మాల్సి వస్తుంది. అప్పుడిది కొనసాగింపు కాదు, బద్ధకం.

ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టు బలం డాక్టర్లలో ఉంది. డ్రగ్స్‌తో పాటు సైకోసిస్ (భ్రమలు కలిగే తీవ్ర మానసిక వ్యాధి) ఉన్నవాళ్లకు, మద్యం మానేటప్పుడు ఫిట్స్ వచ్చే ప్రమాదమున్నవాళ్లకు వాళ్ల దగ్గరే ధైర్యం. పెన్షన్లతో సహా లెక్కేస్తే ఖర్చెక్కువ. రోడ్డు పక్క పడుకున్నవాళ్ల దగ్గరికెళ్లి మాట కలపడంలో మాత్రం చారిటీలదే పైచేయి. ఒకప్పుడు తామూ వాడి బయటపడినవాళ్లు అక్కడ పనిచేస్తుంటారు మరి.

ఫలితాన్ని బట్టి డబ్బు అన్న ప్రయోగాన్ని 2012లో 8 ప్రాంతాల్లో చేసి చూశారు. అక్కడ చికిత్స పూర్తిచేసినవాళ్లు పెరగకపోగా, మిగతాచోట్లతో పోలిస్తే తగ్గారు. దాని గురించి ఇంతకంటే చెప్పుకోనక్కర్లేదు.

నా ఓటు కొనసాగింపుకే. అయిదేళ్లకు తగ్గని కాంట్రాక్టు, క్లిష్టమైన కేసులకు ట్రస్టు డాక్టర్లతో ఒప్పందం, చిన్న సంస్థలకు విడిగా కొంత డబ్బు. రోగుల ఫైళ్లు తీసి చదివే మనిషి కౌన్సిల్‌లో కనీసం ఒకరుండాలి, అది లేకపోతే నా ఓటు వెనక్కి. ఓవర్‌డోస్ మరణాలు పెరుగుతున్నా, చికిత్సలో చేరినవాళ్లు వారాల్లోనే మాయమవుతున్నా టెండర్ పిలవాల్సిందే. అప్పుడైనా కొత్తవాళ్లకు సర్దుకోవడానికి కనీసం ఆరు నెలలివ్వాలి, చేతులు మారే తేదీని ఏ మామూలు మంగళవారమో పెట్టుకోవాలి.