ప్రచురణల జాబితా: లెక్కపెట్టి చూడాలా, చదివి చూడాలా?

అల్జీమర్స్ వ్యాధిలో రోగనిరోధక వ్యవస్థ పాత్రను పరిశోధించే శాస్త్రవేత్త దగ్గర పీహెచ్‌డీలో చేరాలనుకునే విద్యార్థి మొదట చూసేది ఆ గైడ్ ప్రచురణల జాబితానే. దాన్ని తూచడానికి రెండు దారులున్నాయి. పత్రాల సంఖ్య, సైటేషన్లు (ఇతర పత్రాలు వాటిని ఎన్నిసార్లు ఉటంకించాయన్న లెక్క), హెచ్-ఇండెక్స్ చూసి తేల్చుకోవడం ఒకటి. ముఖ్యమైన నాలుగైదు పత్రాలను కూర్చుని చదవడం రెండోది. నా మొగ్గు రెండోదానివైపే, అయితే మొదటిదాన్ని పూర్తిగా తోసిపుచ్చలేను.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒకరి పత్రాల్లో 20 పత్రాలకు కనీసం 20 చొప్పున సైటేషన్లు ఉంటే ఆయన సూచిక 20. పదుల కొద్దీ పేర్లలోంచి కొన్నింటిని ఏరుకోవడానికి ఇది చేతికందిన జల్లెడ. అయితే ఎవరు ఏ పని చేశారో ఈ అంకె చెప్పదు. అల్జీమర్స్‌తో ముడిపడిన 11 కొత్త జన్యు స్థానాలను గుర్తించిన 2013 నాటి నేచర్ జెనెటిక్స్ పత్రంలో 74 వేల మందికి పైగా వ్యక్తుల సమాచారం ఉంది, రచయితలే వందమందికి పైగా ఉన్నారు. ఆ సైటేషన్లు ప్రతి రచయిత ఖాతాలోనూ ఒకేలా పడతాయి. జీవవైద్య రంగంలో సాధారణంగా మొదటి పేరు ప్రయోగం చేసినవారిది, చివరి పేరు ప్రయోగశాల అధిపతిది. నడుమ ఉన్నవారి వాటా ఎంతో ఆ పత్రం తెరిచి చూస్తేనే కొంతైనా తెలుస్తుంది.

అంకె పెద్దదైనంత మాత్రాన పత్రంలో ఉన్నది నిజమని పూచీ కూడా లేదు. ఎలుకల్లో జ్ఞాపకశక్తి లోపానికి అమిలాయిడ్ (అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే ప్రోటీన్) తాలూకు ఒక ప్రత్యేకమైన గుచ్ఛం కారణమని 2006లో నేచర్ పత్రికలో వచ్చిన పత్రానికి రెండు వేలకు పైగా సైటేషన్లు వచ్చాయి. దాని చిత్రాలపై 2022లో సైన్స్ పత్రిక తీవ్రమైన సందేహాలను బయటపెట్టింది. చివరికి 2024లో పత్రాన్ని ఉపసంహరించారు. అన్నేళ్లూ ఆ సైటేషన్లు పెరుగుతూనే వచ్చాయి.

చదివితే ఏం దొరుకుతుందో చూడడానికి డేల్ షెంక్ బృందం 1999లో నేచర్‌లో ప్రచురించిన పత్రాన్ని తీసుకుందాం. మెదడులో అమిలాయిడ్ ఫలకాలు (గడ్డకట్టిన పేరుకుపోతలు) ఏర్పడేలా జన్యుమార్పు చేసిన ఎలుకలకు ఆ అమిలాయిడ్‌నే టీకాగా ఇచ్చారు. లేత వయసులో టీకా పొందిన ఎలుకల్లో ఫలకాలు దాదాపు ఏర్పడలేదు, వయసు మీరిన వాటిలో బాగా తగ్గాయి. ఎంత ఆశ కలిగించిన ఫలితమది! కానీ మనుషుల్లో జరిపిన రెండో దశ పరీక్షను 2002లో ఆపేయాల్సి వచ్చింది, ఎందుకంటే టీకా తీసుకున్న దాదాపు 300 మందిలో 18 మందికి మెదడు, దాని పొరల వాపు వచ్చింది. అమిలాయిడ్‌పై టీ-కణాలు (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు) తిరగబడడమే అందుకు కారణమని ఎక్కువమంది భావించారు. మొదటి దశలో టీకా పొంది తర్వాత చనిపోయిన వారి మెదళ్లను పరిశీలించిన 2008 నాటి లాన్సెట్ పత్రం మరో చేదు నిజాన్ని చూపింది: ఫలకాలు దాదాపు పూర్తిగా తొలగిన వారిలో కూడా మతిమరుపు ముదరడం ఆగలేదు. ఈ పత్రాలను వరుసగా చదివితేనే, టీ-కణాలను రెచ్చగొట్టని చిన్న అమిలాయిడ్ ముక్కలతో తర్వాతి టీకాలు ఎందుకు తయారుచేశారో, బయటినుంచి యాంటీబాడీలు ఎక్కించే పద్ధతి ఎందుకు ముందుకొచ్చిందో అర్థమవుతుంది. 18 నెలల పరీక్షలో రోగుల క్షీణత వేగాన్ని 27 శాతం తగ్గించిన లెకనెమాబ్ అనే అలాంటి యాంటీబాడీ మందుకు అమెరికాలో 2023లో పూర్తి అనుమతి లభించింది. ఎదురుదెబ్బలను కూడా దాచకుండా ప్రచురించడం వల్లనే అక్కడిదాకా దారి పడింది, ఆ విలువ ఏ సూచికకూ అందదు.

చదవడానికి సమయం పడుతుంది, కొత్తవారికి సగం అర్థం కాకపోవచ్చు కూడా. ఇదే ఈ దారిలో ఇబ్బంది. అందుకే అంకెలతో ఐదారు పేర్లను ఏరుకుని, ఒక్కొక్కరివి చివరి పేరుగా వచ్చిన మూడు పత్రాలు చదవమంటాను. మగ, ఆడ ఎలుకలు రెండింటినీ వాడారా, ఏ ఎలుకకు మందిచ్చారో తెలియకుండానే మెదడు నుంచి కోసిన పలుచని ముక్కల్లో ఫలకాలను లెక్కించారా, ఎలుకలో కనిపించిన మైక్రోగ్లియా (మెదడులోని రోగనిరోధక కణాలు) మార్పును మనిషి మెదడు కణజాలంలోనూ వెతికారా అన్నవి పద్ధతుల విభాగంలోనే దొరుకుతాయి. అక్కడ దొరకనిది, ముఖ్యంగా ఫలించని ప్రయోగాలను ఏం చేశారన్నది, ఇంటర్వ్యూలో గైడ్‌నే నేరుగా అడగాలి.