వ్యాగన్ఆర్ తొమ్మిదేళ్ళ వాడకం, నా లెక్కలో రాని ఖర్చులు

2016లో కొన్న పెట్రోల్ వ్యాగన్ఆర్, మేం ఉండేది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి, మీటరు 84 వేలు దాటింది. మామూలు విషయాలు ముందే చెప్పేస్తా, మైలేజ్ 17 వస్తోంది, శ్రీకాకుళం బరంపురం ఆస్పత్రులకి అర్ధరాత్రి తిప్పినా ఎక్కడా ఆగలేదు, ఏసీ ఓకే. పెట్రోలు మా వైపు ఆంధ్రా కంటే చౌక, సరిహద్దు అవతల పాతపట్నం వాళ్ళు కూడా ఇటొచ్చి కొట్టించుకుంటారు. బండి మీద నాకైతే కంప్లైంట్ లేదు, మా వీధిలో వాళ్ళని అడిగితే వేరే చెప్తారు.

మొదటి ఏడేళ్ళు రోడ్డు మీదే పెట్టా. పొడుగు 3.6 మీటర్లు, వెడల్పు దాదాపు మీటరున్నర, అంటే దగ్గరదగ్గర 58 చదరపు అడుగులు, రోజుకి గంట తిప్పితే ఎక్కువ, మిగతా 23 గంటలు అక్కడే. సందు చివర గుప్‌చుప్ (పానీపూరీ) బండి అబ్బాయికి అందులో సగం జాగా కూడా అక్కర్లేదు, సాయంత్రం నాలుగు గంటలు నిలబడతాడు, దానికే రోజూ ఆశీలు, అంటే జాగా రుసుము, కట్టాలి. ఏడేళ్ళలో నన్ను ఎవడూ పైసా అడగలేదు. టాక్స్ కడుతున్నాం కదేటి అంటాడు మా బావ. నిజమే, రిజిస్ట్రేషనప్పుడు ఒకసారి కట్టా, తర్వాత లీటరు లీటరుకీ కడుతూనే ఉన్నా, 2022 మేలో తగ్గించాక కూడా కేంద్రం ఎక్సైజే లీటరుకి 19.90 రూపాయలు ఉండేది, ఆ పైన రాష్ట్రం వ్యాట్. కానీ ఆగున్న కారు పెట్రోలు తాగదు కదా బావా.

గోతుల విషయంలో మాత్రం నన్ను అనకండి, అది ఎక్కువగా లారీల పని, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డు అరుగుదల సుమారు 16 రెట్లని ఇంజినీర్ల లెక్క. పొగ మాత్రం నాదే, లీటరుకి 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, ఇప్పటిదాకా తగలేసింది 4,900 లీటర్లు, 11 టన్నుల పైమాటే.

తర్వాత బుద్ధొచ్చి గోడ కొట్టించి లోపల పెట్టా, కాలవ మీద సిమెంటు ర్యాంపు పోయించా. అక్కడే తప్పు చేశా. కాలవ తీసేవాళ్ళ పార ర్యాంపు కిందకి వెళ్ళదు, మట్టి పేరుకుపోయి పెద్ద వానొచ్చిన రోజు నీళ్ళన్నీ పక్కింటి చిన్నమ్మ వాకిట్లోకి. "ఏటి బాబూ, కారు నీదీ నీళ్ళు మాకా" అంది. ఏం చెప్తాం. మున్సిపాలిటీ మనుషులు రెండ్రోజులు తవ్వారు, ఆ కూలి కూడా నా జేబులోంచి పోలేదు.

ర్యాంపు పగలగొట్టించి, ఎత్తి పక్కన పెట్టుకునే ఇనప జాలీ వేయించా, 6 వేలు అయింది. కొత్తగా కొనేవాళ్ళు షోరూంకి వెళ్ళేముందు గేటు ముందు కాలవ ఒకసారి చూసుకోండి.